మోటారు గదిలో ఫ్లోచార్ట్: నా అనుభవం

ఫ్లోచార్ట్ (ఒక పని క్రమాన్ని పెట్టెలు, బాణాలతో చూపే బొమ్మ) అనగానే మనలో చాలామందికి కాలేజీ మొదటి సంవత్సరం గుర్తొస్తుంది. మూడు అంకెల్లో పెద్దది ఏది, ఇచ్చింది ప్రధాన సంఖ్యా కాదా... స్కేలు పెట్టి గీసి, పది మార్కులు తెచ్చుకుని మర్చిపోయిన బాపతు. నేను బెంగళూరులో టెక్నికల్ రైటర్‌ని కాబట్టి నా విషయంలో అది ఇంకా మరుపున పడలేదు. ఆఫీసులో ఎప్పుడూ ఏదో ఒకటి గీస్తూనే ఉంటాను. కానీ వాటిని చూసేవాళ్లు ఇంజినీర్లు. అర్థం కాకపోతే కోడ్ తెరిచి చూసుకుంటారు, లేకపోతే అర్థమైనట్టు తలాడించి ఊరుకుంటారు. ఆ పని అంటే ఏమిటో బొత్తిగా తెలియని మనిషి, పక్కన అడగడానికి ఎవరూ లేనప్పుడు, ఆ ఒక్క కాగితం చూసి పని నడిపించుకోవాలంటే ఎలా గీయాలి? అది నాకు మా అపార్ట్‌మెంట్ మోటారు గదిలో తెలిసింది.

మేముండేది హొరమావులో. సెల్లార్‌లో రెండు సంపులు: ఒకటి కావేరి నీళ్లకు, ఇంకోటి బోరు, టాంకరు నీళ్లకు. టెర్రస్ మీద దేని ట్యాంకు దానిదే. కావేరి రోజు విడిచి రోజు వస్తుంది, అదీ తెల్లవారుజామున. ఆ నీళ్లు దాదాపు వంద కిలోమీటర్ల అవతల తొరెకాడనహళ్లి నుంచి మూడు చోట్ల పంపులు పెట్టి, సుమారు 500 మీటర్ల ఎత్తుకు తోడితే గానీ ఊళ్లోకి రావు. 2024 అక్టోబరులో ఐదో దశ మొదలై రోజుకు మరో 77.5 కోట్ల లీటర్లు తోడయ్యాయి. అయినా వేసవిలో మా గేటు ముందు టాంకరు ఆగకుండా వారం గడవదు. అందుకని మా ఇళ్లలో కుళాయి తిప్పితే నీళ్లు రావడమనేది సెల్లార్‌లో ఎవరో ఒకరు సరైన వేళకు సరైన మోటారు వేయడం మీదే ఆధారపడి ఉంటుంది.

ఆ ఒకరు మా వాచ్‌మన్ అన్న. కదిరి దగ్గర పల్లె. కూతురి పెళ్లి పెట్టుకుని నెలరోజులు ఊరికెళ్తున్నాడు, సరిగ్గా ఏప్రిల్‌లో. బదులుగా మేనల్లుడిని తెచ్చి పెట్టాడు. ఇరవై ఏళ్ల కుర్రాడు, పది దాకా చదివాడు, తెలుగు చక్కగా చదువుతాడు. స్టార్టరు మీద చెయ్యి వేసి ఎరగడు.

మోటారు గది గోడ మీద అంతకుముందే ఒక నోటీసు ఉంది, ఇంగ్లీషులో, పదిహేడు పాయింట్లతో. సంపులో తగినంత నీరు ఉన్నదని నిర్ధారించుకున్న పిదపే మోటారు ప్రారంభించవలెను అన్న తరహాలో. దాన్ని ఎవరూ చదవలేదనడానికి సాక్ష్యం, అది వేలాడుతుండగానే కిందటేడు ఒక మోటారు నీళ్లు లేకుండా తిరిగి తిరిగి వైండింగ్ కాలిపోయింది. అసోసియేషన్ వాట్సాప్ గ్రూపులో చర్చ నా మీదకొచ్చి ఆగింది: "మీరు ఆఫీసులో చేసే పని ఇదే కదండీ, ఒక చార్టు గీసి పెట్టండి."

మొదట వాచ్‌మన్ అన్నని కూర్చోబెట్టి అడిగాను. "ఏముంది మేడమ్, పచ్చది నొక్కితే నీల్లు పైకి పోతాయి, నిండినాక ఎర్రది నొక్కేది. అంతే." అంతే అంటే రెండు పెట్టెలు, ఒక బాణం. ఆ చార్టుకు నేను అక్కర్లేదు.

అందుకని అడగడం మానేసి వెంట నడిచాను. మర్నాడు ఆరింటికి కాగితం, పెన్సిల్ పట్టుకుని ఆయన వెనకే సెల్లార్‌లోకి దిగాను. చెప్పిన రెండు పనుల మధ్య ఆయన ఏమేం చేస్తున్నాడో అప్పుడు కనబడింది. సంపు మూత ఎత్తి టార్చి వేశాడు. ఓ క్షణం అలా చూసి మూత వేసేశాడు. పచ్చ బటన్ నొక్కి వెంటనే పక్కకు రాలేదు, ప్యానెల్ మీద అమ్మీటరు (మోటారు ఎంత కరెంటు లాగుతోందో చూపేది) ముల్లు కుదురుకునేదాకా నిలబడ్డాడు. మోటారు చప్పుడు వింటూ తల కాస్త వంచాడు. బయటికొచ్చి గేటు తీసి, పాలవాడితో మాట్లాడి, మళ్లీ లోపలికెళ్లి పైప్ మీద చెయ్యి పెట్టి చూశాడు. ఇవేవీ ఆయన లెక్కలో పనులు కావు, అందుకే చెప్పలేదు. ఎందుకు తల వంచావన్నా అని అడిగితే, "గాలి పట్టింటే మోటారు వేరేగా అరుస్తాది గదా" అన్నాడు, అది లోకానికంతా తెలిసిన సంగతే అన్నట్టు.

నా పద్ధతి అక్కడ కుదిరింది. ఆయన చెయ్యి ఏదైనా చేసినప్పుడు ఒక చదరపు పెట్టె వేసుకున్నాను. చెయ్యి ఆగి, కన్నో చెవో పనిచేసినప్పుడు ఒక డైమండ్, అంటే ఫ్లోచార్ట్‌లో ప్రశ్నకు వాడే గుర్తు, వేసుకున్నాను. అనుభవం ఉన్నవాళ్లకు తాము నిర్ణయం తీసుకుంటున్నామనే స్పృహే ఉండదు, కాబట్టి వాళ్లు నోటితో చెప్పే వివరణలో పెట్టెలే ఉంటాయి, డైమండ్లు రాలిపోతాయి. కొత్తవాడు తప్పిపోయేది సరిగ్గా ఆ రాలిపోయిన చోట్ల.

ఇలా పని చేసేవాడి కదలికలు చూసి బొమ్మ గీయడం కంప్యూటర్ల కంటే పాత విద్య. ఫ్రాంక్, లిలియన్ గిల్‌బ్రెత్ అనే అమెరికన్ దంపతులు 1921లో అక్కడి మెకానికల్ ఇంజినీర్ల సంఘం ముందు ‘ప్రాసెస్ చార్టులు’ పెట్టారు. ఫ్రాంక్ తాపీ పనివాడిగా బతుకు మొదలుపెట్టినవాడు. ఇటుక పేర్చడంలో చేతులు వృథాగా ఎన్నిసార్లు కదులుతున్నాయో లెక్కగట్టి, ఆ కదలికలు తగ్గించి పేరు తెచ్చుకున్నాడు. గోల్డ్‌స్టైన్, వాన్ నాయ్‌మన్ అనే గణితవేత్తలు కంప్యూటర్ లెక్కల కోసం ఇలాంటి బొమ్మలు గీయడం ఆ తర్వాత పాతికేళ్లకు. మనకు మాత్రం కాలేజీలో రెండోదే చెప్పారు, అందుకే ఫ్లోచార్ట్ అంటే ప్రోగ్రామర్ల సొత్తు అనుకుంటాం.

కంప్యూటర్ వెంటనే తెరవలేదు. పసుపు రంగు అంటించే చీటీల మీద ఒక్కో పని, ఒక్కో ప్రశ్న రాసుకుని, పార్టీ హాల్ నేల మీద పరిచాను. చీటీలయితే జరపొచ్చు, పారేయొచ్చు. డ్రా.ఐఓ అనే బొమ్మలు గీసే సాఫ్ట్‌వేర్‌లో ఒకసారి అందంగా అమరిన పెట్టెను పారేయడానికి మనసు రాదు, దాని కోసం లేని బాణాలు కల్పిస్తాం. ఆఫీసు చార్టుల్లో సగం గందరగోళం ఇందువల్లేనని నా గట్టి నమ్మకం.

ముందు అన్నీ బాగున్న రోజు పరిచాను. సంపు నిండా నీళ్లున్నాయి, కరెంటుంది, మోటారు బాగుంది, ట్యాంకు నిండింది. ఇది పైనుంచి కిందికి ఒక నిట్టనిలువు వరుస. తర్వాతే కష్టాలు మొదలుపెట్టి, ఏ ప్రశ్న దగ్గర తేడా వస్తే అక్కడి నుంచి కుడి వైపుకి పరిచాను. ఈ పద్ధతి నాది కాదు. సోవియట్ యూనియన్‌లో 1980లలో బురాన్ అంతరిక్ష నౌక కార్యక్రమంలో డ్రాకాన్ అనే బొమ్మల భాష ఒకటి తయారైంది. ప్రధాన దారి ఒకే నిలువు గీతగా ఉండాలి, కుడికి జరిగే కొద్దీ పరిస్థితి విషమిస్తున్నట్టు లెక్క, గీతలు ఒకదాన్నొకటి ఖండించుకోకూడదు అన్నవి అందులో నియమాలు. రాకెట్ల సంగతేమో గానీ మోటారు గదికి మాత్రం ఇది భలే పనికొచ్చింది. కుర్రాడికి చార్టు చూపించి ఒక్క మాట చెబితే చాలు: తిన్నగా దిగుతున్నావంటే అంతా బాగున్నట్టు, కుడికి పోతున్నావంటే ఫోను దగ్గర పెట్టుకో.

ఇక అసలు కథ డైమండ్‌లోకి వెళ్లే ప్రశ్నలది. ఈ పనిలో నా సమయం ఎక్కువ తిన్నవి బాణాలు కావు, ఆ నాలుగైదు ప్రశ్నలే.

మొదటిది: సంపులో నీళ్లు సరిపడా ఉన్నాయా? కుర్రాడు మూతెత్తి చూసి, నా వైపు తిరిగి, "సరిపడా అంటే ఎంతక్కా?" అన్నాడు. వాచ్‌మన్ అన్నకి చిరాకేసింది. "ఎంత ఏందిరా, సూస్తే తెలుస్తాది గదా." "నీకు తెలుస్తాది మామా, నాకెట్ల తెలుస్తాది?" కుర్రాడి మాటకు నా దగ్గర జవాబు లేదు, మామ దగ్గరా లేదు. ప్లంబర్‌ని పిలిచి అడిగితే అసలు లెక్క చెప్పాడు. సంపు అడుగున, నీళ్లు పీల్చే పైపు చివర ఫుట్‌వాల్వ్ ఉంటుంది. నీళ్లు దాని మీద ఒక మట్టం కంటే దిగితే మోటారు గాలి పీలుస్తుంది. గాలి పీల్చిన మోటారులోకి నీళ్లు రావు, నీళ్లే దాన్ని చల్లబరచాలి కాబట్టి సీలు పోతుంది, ఆపకపోతే తర్వాత ఇంకేదో పోతుంది.

మట్టం తెలిసింది, కానీ సెంటీమీటర్లు డైమండ్‌లో రాస్తే కుర్రాడు టేపు పట్టుకుని సంపులోకి వంగాలి. సంపులోకి దిగడమనేది ఈ చార్టులో ఎక్కడా ఉండకూడదని నేను ముందే అనుకున్నాను. గాలి ఆడని సంపుల్లో దిగి ప్రాణాలు పోగొట్టుకున్నవాళ్ల వార్తలు ఏటా చదువుతూనే ఉన్నాం. చివరికి దారి దొరికింది సంపు గోడకున్న ఇనుప మెట్లలో. సంపు కడిగే రోజు ఆ కంపెనీవాళ్లతోనే, ప్లంబర్ చూపించిన మెట్టుకు ఎర్ర ఎనామిల్ పెయింటు వేయించాం. ప్రశ్న మారిపోయింది: ఎర్ర మెట్టు నీళ్లలో మునిగి ఉందా? టార్చి వేస్తే జవాబు కనబడుతుంది. మామకూ మేనల్లుడికీ ఒకటే జవాబు వస్తుంది.

అంటే కాగితం మీద ఒక వాక్యం సరిచేయడానికి సంపుకి రంగు వేయాల్సొచ్చింది. ఇది నాకు చాలా నచ్చిన సంగతి. ఆఫీసులో మేం ప్రశ్న అస్పష్టంగా ఉంటే మాటలు మారుస్తాం, పక్కన చిన్న అక్షరాల్లో వివరణ పెడతాం. జవాబు కంటికి కనబడేలా లోకాన్నే కొంచెం మార్చొచ్చని తోచదు.

రెండో ప్రశ్న, మోటారు సరిగ్గా నడుస్తోందా? అనేది ఇంకా చిక్కు. అన్న చెవితో వినేది కుర్రాడికి వినబడదు. దీనికి అమ్మీటరు ఆసరా అయింది. పంపు నీళ్లు లేకుండా వట్టిగా తిరిగితే దానికి బరువుండదు, కరెంటు తక్కువ లాగుతుంది, ముల్లు దిగుతుంది. ఎక్కడైనా పట్టేసినా, వోల్టేజీ బాగా పడినా ఎక్కువ లాగుతుంది, ముల్లు ఎక్కుతుంది. వారం పాటు మామూలుగా ముల్లు నిలబడే చోటు చూసి, అద్దం మీద అటూ ఇటూ రెండు గీతలు మార్కర్‌తో పెట్టాం. ప్రశ్న: ముల్లు రెండు గీతల మధ్య ఉందా?

ఇక్కడ మూడో అంతస్తు పెద్దాయనతో నాకు చిన్న యుద్ధం జరిగింది. ప్రభుత్వ రంగ కర్మాగారంలో ఇంజినీరుగా రిటైరయ్యారు. ఆయన వాదన: ముల్లు తక్కువుంటే ఒక దారి, ఎక్కువుంటే ఒక దారి, ఎక్కువైతే మళ్లీ వోల్టేజీ తక్కువా, ఫేజు పోయిందా, బేరింగా అని విడగొట్టాలి కదమ్మా. సాంకేతికంగా ఆయన మాట నూటికి నూరుపాళ్లు నిజం. నేనొకటే అడిగాను: "అంకుల్, ఈ నాలుగింటిలో ఏది జరిగినా కుర్రాడు చేయాల్సిందేంటి?" ఎర్ర బటన్ నొక్కాలి, ఎలక్ట్రీషియన్‌కి ఫోన్ చేయాలి. నాలుగింటికీ అదే. చేసే పని ఒకటే అయినప్పుడు దారులు నాలుగెందుకు? ఆ విడగొట్టడం ఎలక్ట్రీషియన్ చార్టులో ఉండాలి, కొత్తవాడి చార్టులో కాదు. ఆయన ఒప్పుకోలేదు గానీ ఊరుకున్నారు.

మర్నాడు మాత్రం ఆయనే వచ్చి ఒక నిధి చూపించారు. ఉద్యోగంలో చేరిన కొత్తలో వాడిన ఆకుపచ్చ ప్లాస్టిక్ అచ్చు, ఫ్లోచార్ట్ గుర్తులన్నీ కన్నాలుగా కోసి ఉన్నది. పెన్సిల్ పెట్టి తిప్పితే గుర్తు పడుతుంది. డైమండు, సమాంతర చతుర్భుజం, అడుగు అల తిరిగిన కాగితం గుర్తు, అయస్కాంతపు టేపు గుర్తు, కార్డు గుర్తు. టేపులూ కార్డులూ పోయి దశాబ్దాలైనా ఫ్లోచార్ట్ గుర్తుల కోసం 1985లో వచ్చిన ఐఎస్ఓ 5807 అనే అంతర్జాతీయ ప్రమాణంలో వాటి గుర్తులు ఉన్నాయి. ఆయనకు అవన్నీ చార్టులో ఉంటే బాగుంటుందని ఉంది, కనీసం సమాంతర చతుర్భుజమైనా. చదివేవాడికి చెయ్యడం, చూడడం తప్ప మూడో రకం సంగతి లేనప్పుడు మూడో గుర్తు ఎందుకు? మొదలు, ముగింపులకు గుండ్రటి అంచుల పెట్టె, పనికి చదరపు పెట్టె, ప్రశ్నకు ఒకటి, ఇంకో కాగితానికి వెళ్లడానికి అక్షరం రాసిన చిన్న సున్నా. నాలుగే ఉంచాను. గుర్తుల పట్టిక విడిగా వేయాల్సిన అవసరమూ పోయింది.

ప్రశ్నకు ఒకటి అన్నానే, అది చివరికి డైమండ్ కాలేదు. డైమండ్‌తో తెలుగుకు పడదు. లెక్క చూస్తే, డైమండ్ లోపల పట్టే అతిపెద్ద దీర్ఘచతురస్రం దాని వైశాల్యంలో సగమే. డైమండే తన చుట్టూ ఉన్న చోటులో సగం, కాబట్టి అక్షరాలకు దక్కేది పావు. ‘ఎర్ర మెట్టు నీళ్లలో మునిగి ఉందా?’ అని పట్టించాలంటే డైమండ్ అరచేయంత అవుతుంది, లేదా అక్షరాలు చీమలవుతాయి. డ్రాకాన్‌లో ప్రశ్నకు రెండు పక్కలా మొనదేలిన సాగదీసిన షడ్భుజి వాడతారు. అదే తీసుకున్నాను. పెద్దాయన దీన్ని కూడా చూసి నిట్టూర్చారు.

ప్రశ్నల రూపంలో ఇంకొక జాగ్రత్త. నీళ్లు రాలేదా? అని రాసి అవును, కాదు అని రెండు బాణాలు పెడితే కుర్రాడు ఎటు వెళ్లాలి? నీళ్లు రాని రోజే "అవును, రాలేదు" అనుకుని ఒకడు ఒక వైపు, "కాదు, రాలేదు" అనుకుని ఇంకొకడు ఇంకో వైపు. అందుకే ప్రశ్నల్లో లేదాలు, కాదాలు తీసేశాను. బాణాల మీద కూడా ఉంది, లేదు అని, వెలిగింది, వెలగలేదు అని ప్రశ్నలోని క్రియనే జవాబుగా రాశాను. మంచి జవాబు ఎప్పుడూ కిందికి, చెడ్డది ఎప్పుడూ కుడికి.

చీటీలు ఒక కొలిక్కి వచ్చాక కుర్రాడి మీద పరీక్ష పెట్టాను. పరీక్ష అతనికి కాదు, చార్టుకి. నేనొక పరిస్థితి చెబుతాను: "ఇవాళ మంగళవారం, కావేరి రాలేదు, ఎర్ర మెట్టు పైకి కనబడుతోంది." అతను మొదటి చీటీ మీద వేలు పెట్టి, ప్రతి మాటా పైకి చదువుతూ వేలు జరపాలి. నేను నోరు విప్పకూడదు. ఈ చివరిది చాలా కష్టం. పక్కనున్న మామకి అసాధ్యం. "ఆడికి పోరా, ఆ పక్కకి" అంటూ అందిస్తూనే ఉంటే ఆయన్ని మాకందరికీ టీ తెమ్మని పంపించాను. వేలు ఎక్కడ ఆగిందో అక్కడ చీటీ మీద ఒక చుక్క పెట్టుకున్నాను. వెనక్కొచ్చిన చోట రెండు చుక్కలు. ఎందుకాగావని వెంటనే అడగలేదు, పూర్తయ్యాకే అడిగాను.

ఒకచోట వేలు ఆగనే లేదు, అదీ సమస్యే అయింది. కావేరి వచ్చిందా? లేదు. అరగంట ఆగు. మళ్లీ చూడు. వచ్చిందా? లేదు. అరగంట ఆగు. కుర్రాడు అలా వేలు తిప్పుతూ తిప్పుతూ తలెత్తి, "ఎంతసేపని ఇట్ల తిరగల్ల అక్కా?" అన్నాడు. మామకి టాంకరు ఎప్పుడు పిలవాలో తెలుసు, ఆ సంగతి ఎక్కడా రాయలేదు. ప్రోగ్రామ్‌లో అయితే ఇలాంటి లూపు కంప్యూటర్‌ని బిగిసిపోయేలా చేస్తుంది. ఇక్కడయితే ఒక కుర్రాడు సంపు పక్కన సాయంత్రందాకా కూర్చుంటాడు, ఇరవైనాలుగు ఇళ్లలో నీళ్లుండవు. తిరిగి వెనక్కి వచ్చే ప్రతి బాణానికి ఒక గడువు పెట్టాం. ఇక్కడ: ఉదయం 8 దాటిందా? దాటితే ‘ట’ అనే సున్నా, అంటే రెండో కాగితం, టాంకరుది.

ట్యాంకు నింపే లూపుకీ ఇదే. నిండిందని చెప్పే లైటు ప్యానెల్ మీద ఉంది గానీ, బోరు నీళ్ల ట్యాంకులో సెన్సర్ల మీద తెల్లటి ఉప్పు పొర కడుతుంది, లైటు అబద్ధాలాడుతుంది. ఒక్క లైటును నమ్మి తిరిగే లూపు టెర్రస్ మీద జలపాతంగా తేలుతుంది. అందుకని పది నిమిషాలకోసారి రెండు ప్రశ్నలు: ఎర్ర మెట్టు ఇంకా మునిగే ఉందా, లైటు వెలిగిందా. రెంటికీ మీద, మోటారు వేసి 40 నిమిషాలు దాటితే ఏది ఎలా ఉన్నా ఆపు. మా మోటారు ఖాళీ ట్యాంకును నింపడానికి పట్టే సమయానికి కొంచెం కలిపి పెట్టుకున్న అంకె అది. మీ ఇంటికి ఇది వర్తించదు.

కరెంటు పోతే ఏమిటన్నది ఇంకో తలనొప్పి. అది ఏ పెట్టె దగ్గరైనా పోవచ్చు. ప్రతి పెట్టె నుంచీ ఒక బాణం లాగితే చార్టు సాలెగూడవుతుంది. స్టార్టరు గుణం ఇక్కడ కలిసొచ్చింది. కరెంటు పోగానే లోపలి కాయిల్ వదిలేస్తుంది, కరెంటు తిరిగొచ్చినా మోటారు తనంతట తాను తిరగదు, పచ్చ బటన్ మళ్లీ నొక్కాల్సిందే. కాబట్టి బాణాలేవీ గీయకుండా కాగితం పైభాగాన ఒక్క వాక్యం గడి కట్టి పెట్టాను: ఎప్పుడు కరెంటు పోయినా, వచ్చాక 1వ నంబరు నుంచి మొదలుపెట్టు. దాని పక్కనే రెండోది: సంపులోకి దిగకు. ఏ క్షణంలోనైనా జరగగలిగేదాన్ని బాణాల్లోకి ఎక్కించకపోవడమే మేలు.

ఇదంతా తేలాకే డ్రా.ఐఓ తెరిచాను. గ్రిడ్ పెట్టుకుని పెట్టెలన్నీ ఒకే వెడల్పు, మధ్య దూరం ఒకటే, బాణాలు అడ్డంగా, నిలువుగా తప్ప ఏటవాలుగా లేవు. నోటో సాన్స్ తెలుగు ఫాంటు వాడాను. ఒత్తులు కింది అంచుకు తగలకుండా పెట్టె ఎత్తు ఇంగ్లీషుకు పెట్టేదానికంటే బాగా పెంచాలి, వరుసల మధ్య దూరం కూడా. రంగు ఒక్కటే, ఎరుపు, ‘ఆపు’ అన్న పెట్టెలకు మాత్రమే. జిరాక్స్ తీస్తే రంగు పోతుంది కాబట్టి వాటికి మందపాటి అంచు కూడా ఇచ్చాను. ఏ3 సైజు ప్రింటు, లామినేషన్, ఎందుకంటే మోటారు గది ఎప్పుడూ చెమ్మగానే ఉంటుంది. ఇందులో నాకు ఒక పూట కూడా పట్టలేదు.

పెట్టెలన్నిటికీ నంబర్లు వేయడం మా ఆయన సలహా. అనవసరం అనుకున్నాను గానీ అన్నిటికంటే అక్కరకొచ్చింది అదే. పెళ్లి పనుల్లో ఉన్న మామకి కుర్రాడు ఫోన్ చేసి "మామా, 7 కాడ ఉండా, ముల్లు ఎడం గీత కిందికి పడిపాయ" అంటే, అక్కడ మామ ఫోనులో ఉన్న చార్టు ఫోటో చూసి "9కి పో, ఆపెయ్, ఆయప్పకి ఫోన్ కొట్టు" అన్నాడట. ఫుట్‌వాల్వ్‌లో చెత్త ఇరుక్కుంది. వైండింగ్‌కి ఏమీ కాలేదు.

రాత్రి కాపలా అతనిది ఒడిశా, తెలుగు రాదు. అతని కోసం అదే చార్టుకి హిందీ ప్రతి తీయించాను. నంబర్లూ స్థానాలూ ఏవీ కదపలేదు, మాటలు మాత్రమే మారాయి. ఇద్దరూ ఒకరికొకరు నంబర్లతో చెప్పుకుంటారు.

ఊరి నుంచి వచ్చాక వాచ్‌మన్ అన్న చార్టు ముందు చాలాసేపు నిలబడి, తను ఎప్పుడూ పైప్ మీద చెయ్యి పెట్టి చూసే సంగతి ఇందులో ఎందుకు లేదని అడిగాడు. చల్లగా ఉంటే నీళ్లు పోతున్నట్టు. అమ్మీటరు చాలదా అన్నాను. "ఆ మిసను చెడిపోతే?" అన్నాడు. నిజమే. అద్దం మీది గీతలు తుడిచిపెట్టుకుపోవచ్చు కూడా. 5కీ 6కీ మధ్య చోటు లేదు, లామినేషన్ మీద మార్కర్‌తోనే 5అ అని రాశాం.

ఇప్పుడు సెక్రటరీ గారు జనరేటర్‌కీ, లిఫ్టుకీ, తడి చెత్త పొడి చెత్తకీ కూడా ఫ్లోచార్టులు కావాలంటున్నారు. జనరేటర్ వేసే క్రమం అన్నతో నడిచి చూశాను. చెయ్యి ఆగి కన్ను పనిచేసే చోటు ఒక్కటే, డీజిల్ మట్టం. మిగతాదంతా ఒకదాని తర్వాత ఒకటి. దానికి ఆరు వరుసల చీటీ రాసిచ్చాను. చెత్తకు రెండు గడుల పట్టిక చాలు. లిఫ్టు ఆగిపోతే చేయాల్సింది ఒక్కటే, కంపెనీ నంబరుకు ఫోన్, కాబట్టి నంబరు పెద్ద అక్షరాల్లో. బాణాలు లేకపోయేసరికి సెక్రటరీ గారికి కాస్త వెలితిగానే ఉంది. మోటారు గది చార్టులాగా చూడ్డానికి ఘనంగా లేవట.